4418వ పని

లిఫ్టుల కంపెనీలో ఆమెను అందరూ కంట్రోలమ్మ అంటారు. కంట్రోల్ రూములో కూర్చుంటుంది కాబట్టి వచ్చిన పేరే తప్ప, ఆమె మాట వినేవాళ్లు ఎవరున్నారని అడిగితే ఇంట్లో ఇద్దరు కూతుళ్లూ పగలబడి నవ్వుతారు. నూట డెబ్బై భవనాల్లో ఆ కంపెనీ లిఫ్టులున్నాయి. ఎక్కడ లిఫ్టు మొరాయించినా, తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, లోపల బల్బు పోయినా ఆ సంగతి ఒక 'పని'గా కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ప్రతి పనికీ ఒక నంబరు, ఒక మెకానిక్కు, ఒక గడువు ఉంటాయి. గడువు దాటితే అది ఎర్రబడుతుంది. ఎర్రబడినవాటి వెంటపడి మెకానిక్కుల చేత చేయించడం కంట్రోలమ్మ ఉద్యోగం.

ఆ గురువారం ఉదయం మాత్రం ఆమె ఎర్రవాటి జోలికి పోలేదు. సంచి బల్ల కిందికి తోసి, కళ్లజోడు తుడుచుకుని, ఫోను బోర్లా పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి విచారణ. బాబాయి లైసెన్సు ఉంచాలో తీసెయ్యాలో అందులో తేలుస్తారు. ఐదు నెలల కిందట బాబాయి ఒక పని గురించి రాశానంటున్నాడు. అది ఈ కంప్యూటర్లో ఎక్కడో ఉండాలి. మూడయ్యేలోపు అది దొరికి తీరాలి.

బాబాయి అంటే సొంత బాబాయి కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. నేల తుడిచే ఆవిడ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన బాబాయే. కంట్రోలమ్మ కొత్తగా చేరినప్పుడు లిఫ్టు పైకీ కిందికీ వెళ్తుందని తప్ప ఇంకో ముక్క తెలియదు. ఆయనే ఆమెను భవనాల పైకప్పు మీదున్న మోటారు గదులకు తీసుకెళ్లి, ఏది బ్రేకో, ఏది తాడో, ఏది ఊడితే కొంప మునుగుతుందో చూపించాడు. "దీనికి నోరు లేదమ్మాయ్. అది చేసే చేష్టల్ని బట్టి బాధ కనిపెట్టాలి" అనేవాడు. రాసేటప్పుడు కూడా అంతే. ఫలానా సామాను పాడైందని రాయడు. లిఫ్టు ఏం చేస్తోందో రాస్తాడు. ఒంటి వేలితో, ఉత్తరం రాసినట్టు రాస్తాడు.

పదకొండు రోజుల కిందట ఒక ఫిజియోథెరపీ క్లినిక్కులో మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. మోకాలి చికిత్సకు వచ్చిన ఒకావిడ బయటికి అడుగు పెడుతుండగా లిఫ్టు అడుగున్నర కిందికి జారింది. ఆవిడ పడింది. మణికట్టు విరిగింది. విప్పి చూస్తే బ్రేకు లైనింగు, అంటే లోపలి పట్టీ, అరిగి అట్టముక్కలా ఉంది. అంతలా అరగాలంటే నెలలు పడుతుంది. నెలనెలా వెళ్లే మెకానిక్కులు పైపైన చూసి వస్తారు. బ్రేకు విప్పి చూసేది ఆరు నెలలకోసారే. ఆఖరుసారి విప్పి చూసింది బాబాయి. ఆ మరుసటి వారమే వంతుల ప్రకారం ఆయన్ని ఊరికి అటు చివరకు మార్చారు, మళ్లీ ఆ క్లినిక్కు మొహం చూడలేదు. చూసినప్పుడే ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అందరూ ఆయన మీద పడ్డారు. చెప్పానన్నాడు బాబాయి. ఎక్కడ చెప్పావో చూపించమన్నారు.

చూపించడానికి మేనేజరు గుమాస్తాను అడిగాడు. గుమాస్తా అంటే మనిషి కాదు. ఏడాది కిందట ఆ కంప్యూటర్లో పెట్టిన కృత్రిమ మేధకు మెకానిక్కులు పెట్టిన పేరు. ఏం కావాలో మామూలు మాటల్లో టైపు చేస్తే చాలు, వేల పనుల్లోంచి వడగట్టి ముందు పెడుతుంది. మేనేజరుకు దాని మీదున్న గురి సొంత పెళ్లాం మీద కూడా లేదని వెనకాల అనుకునేవారు. క్లినిక్కు లిఫ్టు మీద గడువు దాటిన పనులున్నాయా అని అడిగాడు. లేవంది. ప్రమాదానికి ముందు బ్రేకు గురించి ఎవరైనా రాశారా అని అడిగాడు. రాయలేదంది. ఆ రెండు జవాబులూ ప్రింటు తీసి, సంతకం గీకి, ఫైలులో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

కంట్రోలమ్మ ఆ రెండు ప్రశ్నలతో ఆగదలచుకోలేదు. బాబాయి 'బ్రేకు' అనే మాట రాసి ఉండడని ఆమెకు ముందే తెలుసు. అందుకని మాటలన్నీ పక్కన పెట్టి, ఎనిమిది నెలల్లో ఆ క్లినిక్కు మీద వచ్చిన పనులన్నీ ఇవ్వమంది. పంతొమ్మిది వచ్చాయి. లోపలి అద్దం పగిలింది, ఫ్యాను తిరగడం లేదు, బటను నొక్కితే లోపలికి పోయి బయటికి రావడం లేదు. అన్నీ చదివింది. కిందికి జారడమన్న ఊసే లేదు.

తర్వాత బాబాయి పేరుతో వడగట్టింది. ఆ నెలలో ఆయన రాసినవి ముప్ఫై రెండు. ఆయన ఒక భవనం సంగతి ఇంకో భవనం కింద రాయడం కూడా కద్దు. ఒకసారి ఆయన చేసిన అలాంటి పొరపాటుకు ఒక మెకానిక్కు అక్కర్లేని చోటికి వెళ్లి, ఒక దంతవైద్యుడి చేత తిట్లు తిని వచ్చాడు. అందుకని ముప్ఫై రెండూ ఒక్కొక్కటే తెరిచి చదివింది. ఫోటోలు పెద్దవి చేసి చూసింది. సగం ఫోటోల్లో ఆయన బొటనవేలే ఉంది. కావలసింది మాత్రం లేదు.

పదకొండున్నర అయింది. వాడకంలో ఉన్న పదాలన్నీ మార్చి మార్చి అడిగింది. జారడం, దిగడం, ఆగకపోవడం, గడప కలవకపోవడం. గుమాస్తా ఎంతో మర్యాదగా ప్రతిసారీ ఒకటే మాట చెప్పింది: "మీరు చెప్పిన వివరాలతో ఏ పనీ దొరకలేదు." దాని మర్యాదకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా, తన మనసులో తలెత్తుతున్న ఒక ఆలోచన మీద మండింది. పెద్దాయన కదా, రాద్దామనుకుని మర్చిపోయాడేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఫోను తిరగేసి బాబాయికి కలిపింది.

ఎత్తింది పిన్ని. బాబాయి భార్యను కూడా ఆఫీసులో అందరూ పిన్నీ అనే పిలుస్తారు.

"ఆయన స్నానానికెళ్లాడే తల్లీ. నేనే గీజరు వేసి పంపాను. ఈమధ్య ఏదీ ఆయన మీద వదలడం లేదు" అంది పిన్ని. గొంతు తగ్గించి, "నీకు చెబితే ఏముంది గాని, శనివారం మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. మొదట్లో రాశాను అని అరిచేవాడు. నాలుగు రోజులకు రాశాననుకుంటా అన్నాడు. నిన్న రాత్రి అన్నం దగ్గర, రాయలేదేమోనే, కలగన్నానేమో అన్నాడు. వినడానికే భయమేసింది. మా మామగారికి ఇలాగే మొదలైంది" అంది.

లైసెన్సు పోతే మనిషి ఇంట్లో కూర్చుంటాడు, అంతే. కాని ఇది వేరు. ముప్ఫై ఒక్క ఏళ్లు చేతుల్ని నమ్ముకుని బతికిన మనిషి తన తలను తాను నమ్మడం మానేస్తున్నాడు. అప్పుడే బాబాయి స్నానం ముగించి వచ్చి ఫోను అందుకున్నాడు.

"బాబాయ్, ఆ రోజు ఏం చేశావో మొదట్నుంచి చెప్పు. రాశావా లేదా అని నేను అడగను. ఎక్కడికెళ్లావు, ఎక్కడ కూర్చున్నావు, అది చెప్పు."

"ఇప్పుడెందుకులే అమ్మాయ్. వాళ్లు చేసేదేదో చెయ్యనీ."

"నేను అడుగుతున్నాగా. చెప్పు."

బాబాయి నిట్టూర్చాడు. "బుధవారం. క్లినిక్కులో విప్పి బిగించేసరికి పదకొండైంది. లిఫ్టు ఆగాక రెండంగుళాలు దిగుతోంది. స్కేలు పెట్టి కొలిచాను. అక్కడ సిగ్నలు లేదు. అక్కణ్ణుంచి లైబ్రరీకి నడిచి వెళ్లాను. అక్కడ లిఫ్టు తలుపు అద్దం పగిలింది. మెట్ల మీద కూర్చుని రెండూ రాశాను. ముందు క్లినిక్కుది. వెంటనే లైబ్రరీది. పక్కన ఒకావిడ గొడుగు ఆరబెట్టుకుంటోంది." ఆగాడు. "అదంతా అలాగే కళ్లకు కడుతోంది. కాని రాయంది రాశానని కూడా కళ్లకు కడుతుందటగా. మీ పిన్ని ఎక్కడో చదివింది."

"పిన్ని చదివింది పక్కన పెట్టు. మూడింటికి రా" అని పెట్టేసింది.

లైబ్రరీ అద్దం పని ఆ ముప్ఫై రెండింటిలో ఉంది. ఆమె తెరిచింది. నంబరు 4419. బుధవారం, పదకొండు నలభై. బొటనవేలుతో సహా ఫోటో ఉంది. దానికి ముందుది క్లినిక్కుదైతే నంబరు 4418 కావాలి. మొత్తం జాబితాను ఈసారి పేరుతో కాదు, భవనంతో కాదు, మాటతో కాదు, నంబర్ల వరుసలో పెట్టమంది. 4416, 4417, 4419, 4420. మధ్యలో ఒకటి లేదు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

ఆ కంప్యూటర్లో నంబరు ఒకసారి పుట్టిందంటే మళ్లీ ఇంకోదానికి ఇవ్వరు. తీసేసిన పనికి కూడా 'తొలగించారు' అని గీత ఉంటుంది. ఇక్కడ గీత కూడా లేదు. 4418 ఎక్కడుందని టైపు చేసింది.

"4418వ పని దాచిన బోర్డులో ఉంది. దాచిన బోర్డులను మామూలు వెతుకులాటలో చేర్చను. చూపించమంటారా?"

దాచిన బోర్డు, అంటే మామూలుగా తెర మీద కనబడని పనుల జాబితా, ఆ కంపెనీ మొత్తంలో ఒక్కటే ఉంది. దాని పేరు అటక. కంట్రోలమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

ఇక్కడ శుక్రవారం సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే కంట్రోలమ్మకు హాయిగా ఉంటుంది గాని కుదరదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి పనుల జాబితా దానంతటదే హెడ్డాఫీసుకు వెళ్తుంది. అందులో ఎర్రవి ఎక్కువ కనబడితే సోమవారం పొద్దున్నే మేనేజరుకు అక్షింతలు పడతాయి. రెండేళ్ల కిందట ఒకసారి అలా బాగా పడ్డాక ఆయన వచ్చి, "శుక్రవారం ఐదింటికి ఎర్రవి కనబడకూడదు మేడమ్. ఎలా అన్నది మీ ఇష్టం" అన్నాడు. ఎలా అన్నది ఆమె కనిపెట్టింది. అటక అని ఒక బోర్డు చేసి దాన్ని దాచిపెట్టింది. శుక్రవారం నాలుగున్నరకు ఎర్రవన్నీ అటక ఎక్కుతాయి, సోమవారం తొమ్మిదింటికి కిందికి దిగుతాయి. చుట్టాలొస్తున్నారంటే మంచం మీది బట్టలన్నీ బీరువాలో కుక్కినట్టే. ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆమె తెలివిని మెచ్చుకుని మేనేజరు ఒకసారి అందరి ముందూ చప్పట్లు కూడా కొట్టించాడు.

ఉదయం నుంచీ ఆమె అటక వైపు చూడకపోవడానికి కారణం ఉంది. సోమవారం అన్నీ దించేస్తుంది కాబట్టి గురువారంనాటికి అటక ఖాళీగా ఉండాలి. ఉంటుందని ఆమె ఒట్టేసి చెప్పగలదు. ఇప్పుడు 'చూపించు' అని నొక్కడానికి వేలు రాలేదు. రెండుసార్లు కళ్లజోడు తీసి పెట్టుకుంది. తర్వాత నొక్కింది.

'క్లినిక్కు లిఫ్టు మూడో అంతస్తులో ఆగిన తర్వాత రెండు అంగుళాలు కిందికి దిగుతున్నది. మోకాళ్ల నొప్పుల వాళ్లు వచ్చే చోటు. పట్టు పోయింది, లోపలి పట్టీలు మార్చాలి. మార్చేదాకా లిఫ్టు ఆపడం మంచిది. ఆలస్యం చేయవద్దు.'

కింద ఆ పని చరిత్ర ఉంది. బుధవారం పదకొండు ముప్ఫై మూడు, బాబాయి రాశాడు. గడువు శుక్రవారం మధ్యాహ్నం. శుక్రవారం నాలుగు యాభై రెండు, అటకకు మార్చారు. మార్చినవారి పేరు దగ్గర ఆమె పేరుంది. ఆ తర్వాత ఐదు నెలలుగా ఏమీ లేదు.

ఆమె ఆ వాక్యాలు రెండోసారి చదవలేకపోయింది. ఆ శుక్రవారం పద్నాలుగు పనుల్ని ఒకేసారి ఎంచి అటక ఎక్కించింది. ఏదీ తెరిచి చదవలేదు. ఎర్రగా ఉన్నాయి, అంతే చూసింది. మరి సోమవారం ఎందుకు దించలేదు? సెలవుల పట్టీ తెరిచింది. ఆ సోమవారం ఆమె సెలవులో ఉంది. జ్వరం కాదు, చావు కాదు, పెళ్లి కాదు. వాషింగ్ మెషీన్ బాగుచేసేవాడు వస్తానంటే ఇంట్లో ఉండిపోయింది. వాడు రానేలేదు.

మంగళవారం వచ్చాక కూడా దించవచ్చు. ఆ రోజు ఫోన్ల హోరులో తల ప్రాణం తోకకొచ్చి మర్చిపోయింది. మరుసటి సోమవారం గుమాస్తాకు అలవాటు ప్రకారం ఒకే మాట చెప్పింది: మొన్న శుక్రవారం అటక ఎక్కినవన్నీ దించు. మొన్నటి శుక్రవారంవి అది దించింది. అంతకు ముందు శుక్రవారంవి దించమని ఆమె చెప్పలేదు, అది దించలేదు. చెప్పిందంతా చేసింది, చెప్పనిది చేయలేదు. దాన్ని తిట్టడానికి కూడా లేదు.

అప్పుడు ఆమెకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. అటకలో ఇంకేమున్నాయి? వారం దాటినా దిగని పనులన్నీ చూపించమంది. ఆ శుక్రవారం ఎక్కిన పద్నాలుగూ అక్కడే ఉన్నాయి. వాటిలో ఎన్నింటిని జనం ఫోన్లు చేసి మళ్లీ కొత్త నంబర్లతో చేయించుకున్నారో సరిచూడమంది. పన్నెండు. 4418 పోగా మిగిలింది ఒకటి. ఒక సంగీతం బడిలో లిఫ్టు తలుపు, మధ్యలో ఎవరైనా అడ్డుగా ఉన్నా గమనించకుండా మూసుకుపోతోంది. సంగీతం బడికి వచ్చేవాళ్లెవరో ఆమె ఒక్క క్షణం ఊహించుకుని, వెంటనే ఆ బడికి ఫోను చేసింది. లిఫ్టు ఇప్పుడే ఆపెయ్యండి, మా మనిషి అరగంటలో వస్తాడు అంది. చిన్నపిల్లలు అన్ని మెట్లు ఎక్కలేరండీ అంటూ అవతల ఒకాయన నసిగాడు. "ఆపి, ఆపానని నాకు చెప్పాకే పెట్టెయ్యండి" అంది కంట్రోలమ్మ. ఆయన ఆపాడు. దగ్గర్లో ఉన్న మెకానిక్కును పంపింది. అప్పుడు పన్నెండున్నర.

4418 కాగితం మీదకు తీసేటప్పుడు గుమాస్తా అడిగింది: ఏయే వివరాలు చేర్చాలి? రాసిన తేదీ, రాసినవారు, గడువు, చరిత్ర, మార్పులు చేసినవారు. ఒక్కోదాని పక్కన ఒక చిన్న గడి. టిక్కు పెడితే వస్తుంది, తీస్తే రాదు. ఆమె వేలు ఆఖరు గడి మీద కాసేపు ఆగింది. ఆగలేదని చెబితే అబద్ధమవుతుంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒకే జీతం. తర్వాత అన్నిటికీ టిక్కు పెట్టి ప్రింటు నొక్కింది.

మేనేజరు భోజనం చేసి వచ్చేసరికి ఆ కాగితం ఆయన బల్ల మీదుంది. చదివాడు. మొహంలో రంగులు మారాయి. తలుపు మూసి కూర్చున్నాడు.

"దొరికింది కదా, మంచిది. బాబాయి బయటపడతాడు. నాకూ సంతోషమే" అన్నాడు. "కాని ఈ కింది భాగం అక్కర్లేదు మేడమ్. రాసిన తేదీ, ఆయన పేరు, ఆయన రాసింది, అంతవరకు చాలు. ఎందుకు కనబడలేదంటే, కంప్యూటర్లో లోపం, గుమాస్తా సరిగ్గా వెతకలేకపోయింది అందాం. దానికేమన్నా పెళ్లాం పిల్లలా? ఉద్యోగం పోతుందా?"

"అది సరిగ్గానే వెతికింది సార్. మనం దాచింది మనం చూపించమనలేదు."

"మనం అంటున్నారు. చరిత్రలో ఉన్నది మీ పేరొక్కటే." ఆయన బెదిరించలేదు, బతిమాలినట్టే అన్నాడు. "మీ మంచికే చెబుతున్నాను. రెండు దారుల్లోనూ బాబాయి గట్టెక్కుతాడు. ఒకదాంట్లో మీరు కూడా గట్టెక్కుతారు."

ఆ మాటలో తప్పు వెతుకుదామంటే ఆమెకు వెంటనే దొరకలేదు. అందరూ బాగుంటారు. నింద మోయడానికి నోరు లేనిది ఒకటి సిద్ధంగా ఉంది. కాగితాన్ని తన వైపు లాక్కుని, మడతపెట్టకుండా పట్టుకుని నిలబడింది.

"లోపం అంటే ఏ లోపం అని అడుగుతారు సార్. ఏదో ఒకటి చెబుతాం. దాన్ని బాగుచేశామంటాం. రేపు శుక్రవారం. నాలుగున్నరకు నేను మళ్లీ ఎర్రవన్నీ ఎంచి పైకి నెడతాను. చదవకుండానే నెడతాను. నా వల్ల కాదు."

ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, ఆరు కుర్చీలు, గోడకు తెర ఉన్నాయి. భద్రతా శాఖ నుంచి వచ్చిన తనిఖీ అధికారి నెరిసిన జుట్టున్న ఆడమనిషి. మాట తక్కువ, చూపెక్కువ. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. అధికారి ఏం అడగకముందే, "నేను రాయలేదేమోనండీ. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు లేదు. సంతకం పెట్టమంటే పెడతాను" అన్నాడు. ఆ గొంతు వినలేక కంట్రోలమ్మ కుర్చీలోంచి లేచింది.

"రాశాడండీ" అంది. గది గోడలకు తగిలేంత గట్టిగా వచ్చింది మాట. కాగితం అధికారి ముందు పెట్టింది. తెర మీద 4418 తెరిచింది. పైనుంచి కిందిదాకా, తన పేరు ఉన్న గీతతో సహా, చదివి వినిపించింది. అటక అంటే ఏమిటో చెప్పింది. శుక్రవారం అంటే ఏమిటో చెప్పింది. వాషింగ్ మెషీన్ సంగతి కూడా చెప్పింది, అది చెప్పకపోతే మిగతాదంతా దాచినట్టే ఉంటుందనిపించి.

"ఇలా చెయ్యమని మీకు ఎవరు చెప్పారు?" అంది అధికారి.

మేనేజరు బల్ల వైపు చూస్తున్నాడు.

"ఎర్రవి కనబడకూడదన్నారు మా సారు. ఎలా అన్నది నేనే కనిపెట్టాను. చదవకుండా మార్చింది నేనే. దించడం మర్చిపోయింది నేనే."

తర్వాత మేనేజరు, తల ఎత్తకుండానే, "అన్నాను. ప్రతి వారం అదే అన్నాను" అన్నాడు. ఆయన నుంచి ఆమె ఆ మాత్రం కూడా ఆశించలేదు.

అధికారి కాగితం తిరగేసి, ఫైలులోని పాత రెండు ప్రింట్లనూ కొట్టేసి పక్కన తేదీ వేసింది. బాబాయి లైసెన్సుకు ఏ ఢోకా లేదంది. కంట్రోలమ్మ, మేనేజరు సోమవారం నుంచి విధుల్లోకి రాకూడదని, మిగతాది శాఖ తేలుస్తుందని చెప్పింది. అటకను ఈ రోజే అందరికీ కనబడే బోర్డుగా మార్చమంది. కంట్రోలమ్మ అక్కడికక్కడే మార్చింది. దానికి చిటికెడు సేపు కూడా పట్టలేదు.

ఇంత జరుగుతున్నా బాబాయి ఆమె వైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు. లేచి, తెర దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, తను రాసిన వాక్యాల్ని పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఒకసారి అయ్యాక మళ్లీ మొదట్నుంచి చదివాడు. 'ఆలస్యం చేయవద్దు' దగ్గర ఆగిపోయాడు. "గొడుగావిడ కూడా నిజమే అన్నమాట" అన్నాడు, ఎవరితోనూ కాదు. అక్కణ్ణుంచి తిన్నగా బయటికి నడిచాడు.

వరండాలో బెంచీ మీద పిన్ని కూర్చుని ఉంది. ఒంటరిగా పంపడానికి భయపడి వెంట వచ్చింది. కంట్రోలమ్మ తలుపు దాటేసరికి బాబాయి భార్య ముందు నిలబడి ఏదో చెబుతున్నాడు. పిన్ని రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత కంట్రోలమ్మను చూసి గబగబా వచ్చి చేతులు పట్టేసుకుంది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి.

"వెతికి పట్టుకున్నావటగా తల్లీ! నీ రుణం ఎలా తీర్చుకోవాలే? రాశాడట, రాశాడు! ఆయన తల బాగానే ఉంది. ఎవడే ఆ దాచిపెట్టిన వెధవ? వాడి చేతులు పడిపోను! ఎవరో చెప్పు, మొహం మీద అడుగుతాను."

బాబాయి అప్పుడు తిరిగి చూశాడు. విచారణ మొదలయ్యాక ఆయన కంట్రోలమ్మను చూడడం అదే మొదలు. ఒక్క చూపు చూసి, భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవడూ కాదులేవే. కంప్యూటర్లో ఏదో లోపమట. పద, ఎండ పడుతోంది" అన్నాడు.

మేనేజరు నోటి నుంచి వచ్చినప్పుడు తోసిపుచ్చడం తేలికైన మాటే అది. బాబాయి నోటి నుంచి వచ్చేసరికి కంట్రోలమ్మ దాన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేకపోయింది. ఆయన ఆమెకు ఇస్తున్నాడు, ఊరికే, అడక్కుండా. తలూపితే చాలు. పిన్ని చేతులు ఇంకా ఆమె చేతుల్ని పట్టుకునే ఉన్నాయి, వెచ్చగా, తడిగా.

"కంప్యూటర్ కాదు పిన్నీ, నేనే" అంది. "శుక్రవారం సాయంత్రం నేనే తీసి దాచాను. చదవలేదు. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయింది బాబాయి కాదు, నేను."

తిడుతుందని, చెయ్యి విదిలిస్తుందని కంట్రోలమ్మ ఎదురుచూసింది. తిట్టినా పడదామనే నిలబడింది. పిన్ని చెయ్యి విదిలించలేదు. మెల్లగా వదిలేసి, భర్త వైపు తిరిగింది.

"పదకొండు రోజులు, ఈయన మాట నేను కూడా నమ్మలేదు కదే" అంది.